అనుపులో ఒక పూట

రిటైరయ్యాక నిద్ర తగ్గింది. కొన్నాళ్ళు ప్రశాంతంగా ఎక్కడైనా ఉండి రమ్మన్నారు డాక్టరు గారు. ఇంట్లోవాళ్ళు ఆశ్రమాల పేర్లు చెప్పారు. నేను శ్రావణమాసంలో మాచర్ల మీదుగా అనుపు వెళ్ళాను.

మనవాళ్ళకు అనుపు అంటే పిక్నిక్ స్థలం! 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. ఆషాఢ పౌర్ణమి మొదలు మూడు నెలలు భిక్షువులు ఊళ్ళు తిరగడం మాని ఒకేచోట ఉండేవారు. అదే వర్షావాసం. మధ్య మండపం, చుట్టూ చిన్న గదులు. దానాలు చేసినవారిలో ఆడవాళ్ళు పేరుపడ్డారు. చాంతమూల మహారాజు తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి పూనుకుంటే, బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె రాణీ కాదు, రాచబిడ్డా కాదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1954-60 మధ్య తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండమీదికీ, కొన్నింటిని అనుపుకూ తరలించారు. మిగతా లోయ మునిగింది. 1967లో కాలువలకు నీళ్ళొచ్చాయి.

నేను కుడికాలువ లెక్కలు రాసిన గుమాస్తాను. ఎన్ని ఎకరాలు తడిశాయో రాశాను గాని, ఏం మునిగిందని ఏనాడూ అడగలేదు. మా మిరపచేను పండిందీ ఆ నీళ్ళతోనే.

తిరిగి పేర్చిన విహారంలో ఓ గది పునాది మీద కూర్చున్నాను. మొదటి గంటంతా డి.ఏ. బకాయిల మీదే ధ్యాస. తర్వాత అదీ పోయింది. సాయంత్రం బస్సు హారన్ వినిపించేదాకా లేవలేదు.

ఆశ్వయుజ పౌర్ణమిలోగా మళ్ళీ వెళ్ళాలి. ఈసారి మా ఆవిడా వస్తానంది.