మెరక ఎవరిది, పల్లం ఎవరిది? తుఫానుకు నిలిచే ఇంటి చరిత్ర

తుఫానుల చరిత్ర రాసినవాళ్ళు గాలి వేగం రాశారు, ఉప్పెన ఎత్తు రాశారు, పోయిన ప్రాణాల లెక్క రాశారు. కూలిన ఇళ్ళ సంఖ్య కూడా వేశారు. ఆ ఇళ్ళు ఎవరు కట్టారు, దేంతో కట్టారు, ఊళ్ళో ఏ చోట కట్టారు అన్నది మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. మా మండవల్లి వైపు ఆ ప్రశ్న వేయకుండా తుఫాను గురించి మాట్లాడలేం.

మండవల్లి సముద్రపు ఒడ్డున లేదు. గుడివాడ నుంచి కైకలూరు పోయే దారిలో, కొల్లేటి అంచున ఉంటుంది. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఇక్కడికి ఉప్పెన రాదు. ముందు గాలి వస్తది, దానెంట వాన వస్తది, నాలుగు రోజులాగి కొల్లేరు వస్తది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చిన నీళ్ళు కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. అది లాగలేకపోతే నీళ్ళు లంకల్లోకి, పల్లపు పేటల్లోకి ఎగదన్నుతాయి. కాబట్టి మా దగ్గర ఇల్లు రెంటికి తట్టుకోవాలి: పైనుంచి గాలికి, కిందనుంచి నీళ్ళకి.

మా నాయనమ్మ వాళ్ళది తాటాకు ఇల్లు. 'గుడిసె' అన్న మాట మన సాహిత్యంలో దరిద్రానికి గుర్తుగానే వాడారు. ఆ గుడిసె కట్టడంలో ఉన్న పనితనాన్ని చూసినవాళ్ళు తక్కువ. చూరు నేలకు దగ్గరగా దించేవాళ్ళు. నాలుగు వైపులా వాలు వదిలేవాళ్ళు. తాటి దూలాలకు వాసాలు వేసి, తాటినారతో బిగించి కట్టేవాళ్ళు. కోస్తాలో పలుచోట్ల కనిపించే చుట్టిల్లు ఇంకో అడుగు ముందుకేసింది: గోడకు మూలే లేదు గనక గాలి చుట్టూ జారిపోద్ది.

ఇంజనీర్లు ఇదే విషయాన్ని లెక్కల్లో చెప్పారు. గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గాలి ఇంటిని నెట్టడమే కాదు, కప్పును పైకి పీకుతుంది. అందుకే కప్పును వాసానికి, వాసాన్ని గోడకు, గోడను పునాదికి వరసగా కట్టిపడేయాలి. ఈ గొలుసులో ఒక్క లంకె వదులైనా ఇల్లు పోద్ది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు మేలు. చూరు మరీ బయటికి పొడుచుకు రాకూడదు. తక్కువ ఎత్తు ఇళ్ళను తుఫానుకు తట్టుకునేలా కట్టడానికి భారత ప్రమాణాల సంస్థ 2004లో తెచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నవి ఇట్లాంటి సూత్రాలే. వీటిలో కొన్నిటిని మా తాతలు ఏ పుస్తకమూ చదవకుండానే పాటించారు.

అట్లాగని పాత గుడిసెను పొగిడి ఊరుకోవడం కూడా మోసమే. తాటాకు ఎప్పటికప్పుడు మార్చాలి. ఆకు కొనాలంటే కూలి డబ్బులు మిగలాలి, తాటిచెట్టు ఉండాలంటే గట్టు మనదై ఉండాలి. ఆ రెండూ లేని ఏడు తాళ్ళు కుళ్ళిపోయేవి, గాలికి కప్పు లేచిపోయేది. పనితనం మనదగ్గరే ఉంది, సరుకు లేదు.

ఇక చరిత్రకు వద్దాం. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్కే ఒప్పుకుంది. పోయినవాళ్ళలో పూరిళ్ళలో ఉన్న కూలీలు, జాలర్లు ఎక్కువ. 1990 మే 9న మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెద్ద తుఫాను తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరించారు, లక్షల మందిని తరలించారు. చనిపోయినవాళ్ళు 967 మంది. కానీ దెబ్బతిన్న ఇళ్ళు 14 లక్షలు దాటాయి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. హెచ్చరిక మనిషిని కాపాడింది. ఇంటిని కాపాడలేదు. ఇల్లు పోయిన కూలీ బతికి బయటపడ్డాక మళ్ళీ అప్పు చేసి అదే పల్లంలో అదే పాక వేసుకున్నాడు.

1977 తర్వాత దివిసీమలో ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ పక్కా ఇళ్ళు కట్టాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో కేంద్రం తెచ్చిన ఇందిరా ఆవాస్ యోజన ఎస్సీ, ఎస్టీలకు, విముక్తులైన వెట్టికార్మికులకు ఉద్దేశించింది. ఇవి చిన్న విషయాలు కావు. తలమీద కాంక్రీటు కప్పు పడటం మన పేటల్లో ఒక మలుపు. అయితే కృష్ణా డెల్టా తుఫానుల మీద పరిశోధన చేసిన పీటర్ విన్‌చెస్టర్ 1992లో వెలువరించిన పుస్తకంలో వేరే మాట చెప్పాడు. తుఫానుకు ఎవరు ఎంత దెబ్బతింటారన్నది ఇంటి గోడ ఒక్కటే తేల్చదు, భూమి, ఆదాయం, అధికారం కూడా తేలుస్తాయని ఆయన వాదన. దానికి మనం కులాన్ని, కులం కేటాయించిన చోటును కలిపి చదువుకోవాలి.

మా వైపు చాలా ఊళ్ళలో మెరక మీద ఊరు, పల్లంలో పేట. ఇది ప్రకృతి పెట్టిన ఏర్పాటు కాదు. ప్రభుత్వం కాలనీ ఇచ్చినప్పుడు కూడా చవగ్గా దొరికే చోటు పల్లమే. మా నాన్నకి వచ్చిన పక్కా ఇల్లు అట్లాంటి చోటే వచ్చింది. 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా స్లాబు చెక్కు చెదరలేదు. కానీ అరుగు ఎత్తు చాలక ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. బియ్యం తడిసినయి, నా పుస్తకాలు తడిసినయి. అమ్మ మంచం మీద పొయ్యి పెట్టి వండింది. గాలికి నిలిచిన ఇల్లు నీళ్ళకి ఓడింది. పైగా మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే పగులుద్ది. పునాది లోతు లేని గోడ నాలుగేళ్ళకే నెర్రెలిస్తది. ఇట్లాంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉబ్బెత్తుగా ఉండే స్తంభాల పునాది పద్ధతిని రూపొందించింది. మా కాలనీకి ఆ సంగతి చేరలేదు.

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, అంటే 72.6 చదరపు గజాలు. ఇచ్చిన చోట్లలో కొన్ని పల్లాలేనని అప్పుడే విమర్శలొచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్ళు కొల్లేటికి చేరాక లంక గ్రామాలు నీళ్ళ మధ్య చిక్కుకున్నాయి. నగరం మునిగినప్పుడు దేశమంతా చూసింది. అదే నీరు లంకలకొచ్చేసరికి చూసేవాళ్ళు తగ్గిపోయారు.

కాబట్టి తుఫానుకు నిలిచే ఇల్లు అంటే ఒక్క నమూనా పటం కాదు. అది వరదమట్టానికి పైనున్న స్థలం, ఆ నేలకు తగిన పునాది, గోడను పట్టి ఉంచే కాంక్రీటు బెల్టు, పునాది దాకా కట్టేసిన కప్పు. వీటిలో మొదటిది మేస్త్రీ ఇవ్వలేడు. అది భూమి పంపకం మీద, రాజకీయం మీద ఆధారపడింది.

ఈ వ్యాసం చదివే విద్యార్థులకూ, టీచర్లకూ, కార్యకర్తలకూ ఒక పని చెబుతాను. మీ ఊళ్ళో వరదనీరు ఎక్కడిదాకా వచ్చిందో ముసలివాళ్ళను అడిగి గోడమీద గీత గీయండి. ఊరి గుడి మెట్టు ఎంత ఎత్తుందో, పేటలో చివరి ఇంటి గడప ఎంత ఎత్తుందో కొలవండి. గ్రామసభలో ఇంటి స్థలం మాటొచ్చినప్పుడు ఆ రెండు కొలతలూ బల్లమీద పెట్టండి. మన చరిత్రకు శాసనాలు దొరక్కపోవచ్చు. ఆ తేడా ఎన్ని అడుగులో చూపిస్తే అదే మన శాసనం.