దొర

తమిళంలో దురై, కన్నడంలో దొరె, మనకు దొర. మూడుచోట్లా మొదట ఏలేవాడనే అర్థం. ఇంగ్లీషువాళ్లొచ్చాక తెల్లతోలుంటే చాలు, ఉద్యోగం ఏదైనా దొరే అయ్యాడు.

సింగరేణి బొగ్గు కంపెనీ పుట్టింది ఆ పిలుపులోనే. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు దక్కించుకుంది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొన్నది. తెల్లవాళ్లు పోయినా కుర్చీతోపాటు పిలుపూ మిగిలింది.

సింగరేణి గనులున్న గోదావరిఖనికి కూలికొచ్చిన కరీంనగర్ పల్లె జనానికి ఇంకో దొర తెలుసు. గడీలో ఉంటాడు, వెట్టి చేయిస్తాడు. ఆయన ముందు చెప్పులు చేతబట్టుకొని నడవాలి. తెలంగాణ సాయుధ పోరాటానికి జడిసి పట్నం పారిపోయిన దొరలు చాలామంది 1948 పోలీసు చర్య తర్వాత మళ్లీ ఊళ్లకొచ్చారు. ఊరొదిలి బాయి (బొగ్గుగని) మీదికొస్తే మేనేజరూ దొరే! అయితే ఇక్కడ నెల జీతముంది, యూనియన్ ఉంది. నా లెక్కలో అది చిన్న తేడా కాదు. గడీ ముందు తలెత్తనివాడే గేట్ మీటింగులో దొరను నిలదీశాడు.

అమెరికా అంతర్యుద్ధం తర్వాత అలబామా బొగ్గుగనుల్లో చాలామంది నల్లవాళ్లకు ఆ మాత్రమూ దక్కలేదు. బానిసత్వం రద్దయినా, చిన్నాచితకా నేరాలు మోపి ఖైదీలను చేసి బొగ్గు కంపెనీలకు కిరాయికిచ్చారు. అది 1928 దాకా సాగింది.

ఇప్పుడు ఆఫీసరు ఎదుట ‘సార్’ అంటారు. దొర ఎన్నికల సభల్లో తిట్టు, పని తప్పించుకునే తోటివాడి మీద మాత్రం ఎకసెక్కం: “ఏందిరా, దొర లెక్క కూసున్నవ్?”