మగ్గం ముందు, మనుషులు వెనక

సూరత్ జనాభా 1961లో మూడు లక్షల లోపే. 2011 జనగణన నాటికి 44 లక్షలు దాటింది. మధ్యలో చుట్టుపక్కల గ్రామాలను కార్పొరేషన్‌లో కలిపిన మాట నిజమే గానీ, హద్దులు జరిపినంత మాత్రాన ఇంత పెరుగుదల రాదు. ఇది వలస కట్టిన ఊరు. అందులో తెలుగువాళ్ల పాలు తెలియాలంటే తాపీ ఒడ్డున ఉన్న పాత కోట దగ్గర కాదు, దక్షిణాన ఉధ్నా, లింబాయత్ వాడల్లో చూడాలి. అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు. కరువొచ్చింది, బతుకుదెరువు వెతుక్కుంటూ పోయారు అని వాళ్ల గురించి చెప్పుకుంటాం. ఆ కథ సగమే నిజం. వాళ్లు తమ వృత్తి ఎటు తరలితే అటు కదిలిన పనివాళ్లు.

దారిలోని మజిలీలు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. షోలాపూర్‌లో 1877లో బట్టల మిల్లు వెలిసింది. తెలంగాణ నేతగాళ్లు అక్కడ తరాలుగా పాతుకుపోయారు. తర్వాత భివండి మరమగ్గాలు. 1982 జనవరిలో మొదలైన సమ్మె అనంతరం బొంబాయి మిల్లులు కుంగిపోయి, నేత పని చిన్న షెడ్లకు మళ్లింది. సూరత్‌కు జరీలో, ఆర్ట్ సిల్క్‌లో అప్పటికే చేయి తిరిగి ఉంది. నైలాన్, పాలిస్టర్ చీరలకు గిరాకీ పెరిగేకొద్దీ ఉధ్నా పారిశ్రామికవాడ చుట్టూ ‘ఖాతా’లు, అంటే మగ్గాల షెడ్లు, కిక్కిరిసిపోయాయి. మన ఊళ్ల నూలు చీరను సంతలో పక్కకు నెట్టింది ఈ చవక చీరే. తన చేతిపనిని మింగిన మగ్గం దగ్గరికే నేతగాడు వెళ్లి పని అడగవలసి వచ్చింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

కరువు లేదా, అప్పులు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. అయితే ఎప్పుడు బయల్దేరాలో కరువు చెప్పింది, ఎక్కడికి వెళ్లాలో వృత్తి చెప్పింది. అదే కరువు పాలమూరు కూలీలను తట్ట, పార పట్టించి దేశమంతటా ఆనకట్టల, కాలవల పనులకు తిప్పింది. పద్మశాలీలు మాత్రం షోలాపూర్, భివండి, సూరత్ అంటూ మగ్గం చప్పుడున్న ఊళ్లకే చేరారు. పడుగు, పేక తెలిసిన చేతికి సాంచా, అంటే మరమగ్గం, నడపడం ఎక్కువ రోజుల చదువు కాదు.

మగ్గం పనికే ఒడిశాలోని గంజాం నుంచి కూడా వేలమంది వచ్చారు కదా, వాళ్లు తరతరాల నేతగాళ్లు కారు కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దానికి జవాబు కుటుంబాల్లో దొరుకుతుంది. గంజాం వాళ్లలో చాలామంది ఒంటరి మగవాళ్లు; పన్నెండేసి గంటల షిఫ్టులు చేసి, మెస్ గదుల్లో వంతులవారీగా పడుకుంటారు. 2011లో సూరత్ జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 787 మందే ఆడవాళ్లు ఉండటానికి ఇలాంటి వలసే ప్రధాన కారణం. తెలుగువాళ్లు ఎక్కువగా పెళ్లాంబిడ్డలతో స్థిరపడ్డారు. నేత ఎప్పుడూ ఇంటిల్లిపాది పనే: మగవాడు మగ్గం మీద, ఆడవాళ్లు కండెల దగ్గర. సూరత్‌లో ఆ ఆడవాళ్ల చేతులు చీరలకు లేసులు కుట్టే పనికి, రాళ్లు అతికే పనికి మళ్లాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడపడం కూడా పిల్లలతో నిలదొక్కుకున్న సమాజం ఉండబట్టే సాధ్యమైంది.

ఇదంతా విజయగాథ అనుకోకూడదు. కొందరు మగ్గాల యజమానులయ్యారు గానీ ఎక్కువమంది మీటరు లెక్కన కూలి తీసుకునేవాళ్లే. కరెంటుతో నడిచే చోట పదిమందికి తక్కువ ఉంటే ఫ్యాక్టరీల చట్టం వర్తించేది కాదు. చిన్న చిన్న షెడ్లుగా చీలిన ఈ పరిశ్రమలో ఆ వెసులుబాటు కార్మికుడికి చేసిన నష్టం చాలా పెద్దది.

2017లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, వలస వెళ్లిన నేతగాళ్లను వెనక్కి రప్పిస్తామన్నారు. అయితే సూరత్‌లో పాలిస్టర్ దారం హజీరాలో తయారవుతుంది, అద్దకం పాండేసరాలో జరుగుతుంది, సరుకు రింగ్ రోడ్డు మార్కెట్లలో అమ్ముడవుతుంది. అన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. స్థలం, షెడ్డు ఇచ్చి పిలిస్తే చాలదు. దారం, అద్దకం, బేరం మూడూ వరంగల్ చుట్టూ కుదిరితే ఉధ్నా నేతగాడు ఆలోచిస్తాడు.