కంటికి కానరాని కావలి

లోహపు రేకును నొక్కి ఆకృతి నిచ్చు ప్రెస్సు యంత్రమునకు రేకునకును, కార్మికుని వ్రేళ్లకును భేదము తెలియదు. వ్రేళ్లు సమీపించినవని నేడు దానిని హెచ్చరించుచున్నది కంటికి కానరాని ఒక వెలుగు. దాని చరిత్రను కొంత వివరింప దలచితిమి.

1800 సంవత్సరమున ఇంగ్లండులో ఖగోళజ్ఞుడు విలియం హెర్షెల్ సూర్యుని పరిశీలించుచు, కన్నును కాపాడుకొనుటకు రంగు అద్దముల నుపయోగించెను. కొన్నిటి గుండ వెలుగు తక్కువగను, వేడిమి ఎక్కువగను వచ్చుచుండెను. ఏ రంగున ఎంత వేడి కలదో తెలియగోరి, ఆతడు ఎండను పట్టకముచే విడదీసి ఉష్ణమాపకములతో కొలిచెను. ఊదా నుండి ఎరుపు వైపు పోవుకొలది వేడి హెచ్చెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును లేని చోట, అది మరింత హెచ్చెను. పరారుణ కిరణములు మానవునకు తెలిసిన విధమిది.

1831లో ఇటలీ శాస్త్రజ్ఞులు నోబిలి, మెల్లోనీ థర్మోపైల్‌ అను సాధనముతో, సుమారు 30 అడుగుల దూరమున నిలిచిన మనిషి మేని వెచ్చదనమును పసిగట్టగలిగిరి. తాకకయే ఉనికి నెరుగుట సాధ్యమయ్యెను.

అయితే కర్మాగారమున వేడి వస్తువులతో పాటు చల్లని వస్తువులను సైతము గుర్తింపవలెను. అందులకు వస్తువు వెచ్చదనముకై వేచియుండక, మనమే ఒక కిరణమును పంపి, అది తెగినదా లేదా యని చూచుట సులభము. జర్మనీలో ఎర్విన్ సిక్ ఈ సూత్రముతో కాంతి తెరను నిర్మించి, 1952లో హానోవర్ యంత్ర ప్రదర్శనమున చూపెను. చేయి ఆ తెరను దాటినచో యంత్రము నిలిచిపోవును. కాని బల్బునకు ఆయువు స్వల్పము. అందలి తీగ అదరుటకు తెగిపోవును.

1961లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థకు చెందిన బియార్డ్, పిట్‌మన్ అనువారు, గాలియం ఆర్సెనైడ్ అను అర్ధవాహకము గుండ విద్యుత్తు ప్రవహించునపుడు పరారుణ కాంతి వెలువడుట కనుగొనిరి. ఇందు తెగిపోవు తీగ లేదు. దీనిని సెకనుకు వేలమార్లు వెలిగించి ఆర్పవచ్చును. గ్రాహకము ఆ లయనే గుర్తించి, నిలకడగ వచ్చు ఎండ వెలుగును విడిచిపెట్టును.

ఇచట ఒక సూక్ష్మమును గమనింపవలెను. చేయి చాపినంతనే నీరు విడుచు కుళాయిలో, కిరణము చేతిపై బడి తిరిగివచ్చిన చేయి యున్నట్లు, రాకున్న లేనట్లు. ప్రెస్సు వద్ద న్యాయము వేరు. కిరణము ఎదుటికి చేరుచున్నంతవరకే యంత్రము నడచును. చేయి అడ్డువచ్చినను, దుమ్ము పట్టినను, దీపమే చెడినను యంత్రము ఆగితీరవలెను. కుళాయి పొరబడిన నీరు రాదు. ప్రెస్సు పొరబడిన వ్రేళ్లు తిరిగి రావు.

ప్రమాదకరమైన యంత్రభాగములకు రక్షణ ఉండవలెనని మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే నిర్దేశించెను. అయినను ఉత్పత్తి మందగించుచున్నదని కావలిని తొలగించిన, రెండు శతాబ్దుల శాస్త్రమును కార్మికుని కాపాడజాలదు. యంత్రము ఊరక ఆగినదని విసుగుకొనువారు, అది ఎందులకు ఆగినదో ఒక్క క్షణము యోచింతురుగాక యని మా మనవి.