హెన్రియెట్టా కణాలు, మన సంతకాలు

మిత్రులారా, ఇంటర్‌లో కణచక్రం బట్టీ పట్టినం కదా: జి1, ఎస్, జి2, ఎమ్. కణం పెరుగుతుంది, డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటుంది, సరిచూసుకుని రెండుగా విడిపోతుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 అనే ప్రోటీన్ మధ్యలోనే ఆపేస్తుంది.

1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే 30 ఏళ్ల నల్లజాతి తల్లికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్లు ఆమెను అడగకుండానే కణితి ముక్క తీసి ల్యాబ్‌కిచ్చారు. ఆ కణాలు దాదాపు రోజుకోసారి రెట్టింపవుతూ పోయినయ్. హెచ్‌పీవీ-18 వైరస్ వల్ల వాటిలో పీ53 పనిచేయకుండా పోయింది, బ్రేకు తెగింది. ఆమె అదే అక్టోబరులో చనిపోయింది. ఆమె పేరుతోనే పిలిచే 'హీలా' కణాలు మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి.

2009లో ఆ వైరస్‌ టీకా ప్రాజెక్టు మన ఉమ్మడి ఖమ్మం జిల్లాకొచ్చింది. 10-14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. అందులో మన హాస్టళ్ల పిల్లలు చాలామంది. ఎన్నో ఫారాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రభుత్వం ఆపేసింది.

టీకా పనికొచ్చేదే, వద్దనడం లేదు. మేం అడిగేది అనుమతి గురించి. ఇంటికి పోయినప్పుడు చెల్లెళ్లకు ఈ సంగతి చెప్పండి: ఏ ఫారమైనా చదివించుకుని, అడిగి తెలుసుకున్నాకే సంతకం. జోహార్.