ఉలి పట్టి ఊళ్లు పట్టినవాడు

"మీ నాన్న ఎక్కడున్నాడో చూసి తీసుకురా" అంది అమ్మ. పన్నెండేళ్ల వాల్టర్ బయల్దేరాడు. స్కాట్లాండ్ నైరుతి మూలనున్న గాలవే సీమంతా దాదాపు గాలించాడు. చివరికి డీ నది పడమటి గట్టున, కిర్క్‌క్రైస్ట్ పాత సమాధుల దొడ్డిలో సుత్తి చప్పుడు వినిపించింది. రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, రాబర్ట్ ప్యాటర్సన్.

"నాన్నా, ఇంటికి రా."

ఎంత బతిమాలినా రాలేదు.

ఆ సమాధులు 1680ల నాటివి. క్రైస్తవ సంఘానికి శిరస్సు క్రీస్తే గానీ రాజు కాదన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లవి. బీడుభూముల్లో సైనికులు కాల్చేసినవాళ్లు కొందరు. 1685లో విగ్‌టౌన్ దగ్గర పద్దెనిమిదేళ్ల మార్గరెట్ విల్సన్‌ను గుంజకు కట్టి, పోటునీటికి వదిలేశారు. ఇలాంటి సమాధుల రాళ్ల మీద చనిపోయినవారి పేరే కాదు, చాలాచోట్ల చంపినవాడి పేరూ ఉంటుంది. అది సాక్ష్యం. ఎడతెగని వానకు నాచు పట్టి అక్షరాలు పూడిపోతుంటే, ప్యాటర్సన్ నాచు గీకి, సగం అరిగిన గీతల వెంటే ఉలి నడిపి మళ్లీ లోతు చేసేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. ఆ అమరుల నమ్మకాన్నే పాటించేవాళ్లు పెట్టిన అన్నం తిని, తన తెల్ల పొట్టిగుర్రంతో మరో ఊరు పోయేవాడు. జనం అతన్ని 'ఓల్డ్ మోర్టాలిటీ' అన్నారు.

ఈ రాతిపనివాడికి రాతిగని కౌలుకు దొరికిందే భార్య ఎలిజబెత్ గ్రే వల్ల. ఆమె వంట చేసిన ఇంటి యజమాని ఇప్పించాడు. 1758 ప్రాంతంలో అతను ఇల్లు మరిచాడు. కొడుకు తర్వాత కూతుళ్లనీ పంపి చూసిందామె. 1768లో బాల్మక్లెల్లన్ అనే కొండపల్లెకు మారి, చిన్న బడి పెట్టి పిల్లలందరినీ పరువుగా సాకింది. ఆ రాళ్లు నిలబెట్టిన పుణ్యంలో సగం ఆమెదేనని నేను గట్టిగా అంటాను.

1790లలో డనాటర్ చర్చి ఆవరణలో రచయిత వాల్టర్ స్కాట్ అతన్ని పనిలో ఉండగా చూశాడు. 1816లో 'ఓల్డ్ మోర్టాలిటీ' పేరుతోనే నవల రాశాడు. 1801లో ప్యాటర్సన్ దారిలో పడిపోయి కన్నుమూశాడు, పక్కనే గుర్రం. స్కాట్ వెతికించినా సమాధి దొరకలేదు. 1869లో కేర్లావరాక్‌లో అతని గుర్తుగా ఫలకం నిలిపింది స్కాట్ నవలల ప్రచురణకర్తలు.