పరీక్ష ముగియని బండి: హైదరాబాద్ వీధిపోటీ, మూడవతరం విద్యుత్ పందెపు కారు

ఉపోద్ఘాతం

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. 2013లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌పై ఫార్ములా వన్ పోటీలు నిలిచిపోయిన తర్వాత, ఆ స్థాయి కార్ల పందెం మళ్ళీ భారతదేశానికి రావడం అదే మొదలు. ఈ పోటీ చుట్టూ సాగిన చర్చ చాలావరకు నగర ప్రతిష్ఠ, ప్రభుత్వ వ్యయం, వాహనదారుల ఇక్కట్లు అనే మూడు విషయాల దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు పరుగెత్తిన 22 కార్లు ఎటువంటివి, అవి ఏ పరిస్థితిలో హైదరాబాద్ చేరాయి అన్న ప్రశ్న పెద్దగా ఎవరినీ పట్టినట్లు లేదు. అవి నిండా ఏడాది వయస్సు లేని కొత్త నమూనాకు చెందినవి. ఆ నమూనాకు సీజన్‌కు ముందు జరిగిన పరీక్షలు ఎన్నో చిక్కులతో సాగాయి. పరీక్షల్లో తేలని సంగతులు కొన్ని పోటీల్లో తేలాయి. ఆ క్రమంలో హైదరాబాద్ స్థానమేమిటో నిర్ణయించడం ఈ వ్యాస విషయం.

కారు, దాని వాగ్దానాలు

ఫార్ములా ఈలో అన్ని జట్లూ ఒకే ఛాసీని, ఒకే బ్యాటరీని, ఒకే టైర్లను వాడాలి. వెనుక చక్రాలను నడిపే పవర్‌ట్రెయిన్‌ను మాత్రం తయారీదారులు సొంతంగా రూపొందించుకుంటారు. 2022 ఏప్రిల్ 28న మొనాకోలో ఆవిష్కరించిన మూడవతరం కారు, ‘జెన్3’, ఈ పద్ధతిలోనే తయారైంది. ఛాసీ స్పార్క్ సంస్థది, బ్యాటరీ విలియమ్స్ అడ్వాన్స్‌డ్ ఇంజనీరింగ్‌ది. టైర్లు అంతకుముందు మిషెలిన్‌వి కాగా ఈసారి హాన్‌కూక్‌వి. అంటే ప్రధాన భాగాల్లో ఒక్కటి కూడా పాతది కాదు.

వాగ్దానాలు ఘనమైనవే. డ్రైవరుతో కలిపి బరువు రెండవతరం కారుకు సుమారు 900 కిలోలుంటే, దీనికి కనీస బరువు 840 కిలోలుగా ప్రకటించారు. శక్తి 250 కిలోవాట్ల నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది. గరిష్ఠ వేగం గంటకు 320 కిలోమీటర్లని చెప్పారు. అన్నిటికంటే సాహసమైన మార్పు బ్రేకుల్లో ఉంది. విద్యుత్ మోటారును తిరగవేస్తే అది జనరేటరుగా పనిచేస్తుంది. చక్రం వేగాన్ని లాక్కొని బ్యాటరీకి విద్యుత్తును తిరిగి ఇస్తుంది. జెన్3లో ముందు ఇరుసుకు కూడా ఇటువంటి మోటారును అమర్చి, రెండు ఇరుసుల మీద కలిపి 600 కిలోవాట్ల వరకు ఇలా తిరిగి పట్టుకొనే ఏర్పాటు చేశారు. పోటీలో ఖర్చయ్యే శక్తిలో సుమారు 40 శాతం ఈ మార్గంలోనే సమకూరుతుందని లెక్క. ఆ ధైర్యంతో వెనుక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులను పూర్తిగా తీసివేశారు.

కాగితం మీద ఈ తర్కంలో లోపం కనిపించదు. మోటారు బలంగా ఆపుతున్నప్పుడు ఇంకొక బ్రేకు ఎందుకు, దాని బరువు ఎందుకు? కాని విద్యుత్ వ్యవస్థ ఒక్కసారిగా ఆగిపోతే వెనుక చక్రాలను ఆపేది మిగలదు. సాధారణ కారులో ఇంజను ఆగిపోతే డ్రైవరు పందెం మాత్రమే పోగొట్టుకుంటాడు. ఇక్కడ మోటారు ఆగితే ఆపే శక్తిలో సగభాగం కూడా దానితోపాటే పోతుంది. పరీక్షల కాలంలో ఈ ప్రమాదం ఊహగా మిగలలేదు. వెనుక చక్రాలకు అత్యవసర బ్రేకు ఏర్పాటును అదనంగా చేర్చవలసి వచ్చింది. బరువు తగ్గించడానికి తీసినదాన్ని వేరొక పేరుతో తిరిగి తెచ్చుకోవడమే ఇది.

వెలెన్సియా: వేళల పట్టిక చెప్పనిది

సీజన్‌కు ముందు అన్ని జట్లూ కలిసి చేసే పరీక్ష 2022 డిసెంబరు 13 నుంచి 16 వరకు స్పెయిన్‌లోని వెలెన్సియా దగ్గర, రికార్డో టోర్మో సర్క్యూట్‌పై జరిగింది. అప్పటికి తయారీదారుల సొంత పరీక్షలు నెలలుగా నడుస్తున్నా అవి సాఫీగా సాగలేదు. బ్యాటరీలలో లోపాలు, విడిభాగాల కొరత వాటిని పదేపదే అడ్డుకున్నాయి. ఉమ్మడి భాగాల నియమం ఇక్కడే ఎదురుతిరిగింది. ఫార్ములా వన్‌లో ఒక జట్టు కారు మొరాయిస్తే ఆ జట్టు ఇంజనీర్లు రాత్రంతా కూర్చొని మార్చుకోవచ్చు. ఫార్ములా ఈలో బ్యాటరీని విప్పే హక్కు జట్టుకు లేదు. దోషం అందరిదీ, దిద్దుబాటు మాత్రం సరఫరాదారు చేతిలోది. సరఫరా ఆలస్యమైతే ఎంత నేర్పున్న జట్టయినా ఎదురుచూడవలసిందే. ఇతరుల పవర్‌ట్రెయిన్లను కొనుక్కొనే జట్ల పరిస్థితి మరింత ఇబ్బందికరం. వాటికి కొత్త కారుతో పరిచయమే ఆలస్యంగా కలిగింది.

వెలెన్సియా పరీక్షకు లిఖిత సాక్ష్యంగా మిగిలేది ల్యాపు వేళల పట్టిక. దాని ప్రకారం అందరికంటే వేగంగా వెళ్ళినవాడు మసెరాటి డ్రైవరు మాక్సిమిలియన్ గుంథర్. పోటీలు మొదలయ్యాక ఏం జరిగింది? 2023 జనవరి 14న మెక్సికో నగరంలో జేక్ డెనిస్ గెలిచాడు. జనవరి 27, 28 తేదీలలో సౌదీ అరేబియాలోని దిరియాలో రెండు పోటీలనూ పాస్కల్ వెర్లైన్ గెలిచాడు. వీరిద్దరి కార్లలోనూ ఉన్నది పోర్షె పవర్‌ట్రెయిన్. పరీక్షల వీరుడు గుంథర్‌కు తొలి విజయం జూన్‌లో, జకార్తాలో గాని దక్కలేదు.

చరిత్ర రాసేవారికి ఇది పరిచితమైన చిక్కే. కచ్చితమైన అంకెలున్న పత్రం నమ్మదగినదిగా కనిపిస్తుంది. కాని వేళల పట్టిక కొలిచింది ఖాళీ రోడ్డుపై ఒక్క ల్యాపు వేగాన్ని; పోటీలో నిర్ణాయకమైనది ముప్పై పైచిలుకు ల్యాపుల పొడవునా శక్తిని పొదుపుగా వాడుకోవడం. పైగా వెలెన్సియా వెడల్పైన శాశ్వత సర్క్యూట్, ఆ కారు తర్వాత తిరగవలసినవి గోడల మధ్య ఇరుకైన నగరవీధులు. ఆగిపోయిన బ్యాటరీలు, గ్యారేజీలో గడిచిన గంటలు ఆ పట్టికలో ‘తక్కువ ల్యాపులు’గా మాత్రమే కనిపిస్తాయి. కనుక జెన్3 పరీక్షల చరిత్రకు అసలు ఆధారాలు డిసెంబరు పత్రాల కంటే ఆ తర్వాతి పోటీల ఘటనలే.

కొత్త బండి, కొత్త బాట

హైదరాబాద్‌లో కారు మాత్రమే కాదు, బాట కూడా కొత్తదే. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, సచివాలయం పరిసరాల రోడ్లను కలిపి సుమారు 2.8 కిలోమీటర్ల సర్క్యూట్‌ను ఏర్పరచారు. దానికి ముందస్తు పరీక్ష వంటిది 2022 నవంబరు 19, 20 తేదీల ఇండియన్ రేసింగ్ లీగ్ ఆరంభ సందర్భం. అది అనుకున్న ప్రకారం సాగలేదు. జాప్యాలు, ప్రమాదం కలిసి కార్యక్రమాన్ని కుదించాయి. డిసెంబరులో లీగ్ మళ్ళీ అక్కడికే వచ్చింది. అదే నెలలో జెన్3 కార్లు వెలెన్సియాలో తిరుగుతున్నాయి. వేరువేరు ఖండాల్లో బాటకూ బండికీ విడివిడిగా పరీక్షలు నడిచాయి. రెండూ కలిసింది మాత్రం పోటీ వారాంతంలోనే.

ఉత్తరాంధ్ర పాఠకులకు ఇక్కడ విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను గుర్తుకు రావచ్చు. అదీ ఏటా కొత్తగా తయారయ్యేదే. చింతమానును తెచ్చి, చెక్కి, ఇరుసుమానుతో కూర్చి, రథంపై అమర్చుతారు; మాను కొనన పూజారి ఆసీనులవుతారు; చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మామూలు రోజుల్లో జనం నడిచే వీధిలో, ఒకే రోజున, ఆ ఏడాదే కొత్తగా కూర్చిన నిర్మాణం కదలడం రెండింటికీ ఉన్న పోలిక. పోలిక అంతవరకే. సిరిమానులో కొత్తది కొయ్య మాత్రమే, నమూనా తరాలనుంచి వస్తున్నది. వేగం మనుషుల నడకకు మించదు. తడబడితే ఆపడానికి చుట్టూ వందల చేతులుంటాయి. జెన్3లో నమూనాయే కొత్తది.

పోటీ రక్తి కట్టింది. డీఎస్ పెన్‌స్కే డ్రైవరు ఝాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో మిగిలిన కొద్దిపాటి శక్తిని కాచుకుంటూ, వెనుకనే తరుముతున్న నిక్ క్యాసిడీని దాటనీయకుండా గెలిచాడు. భారతీయ జట్టు మహీంద్రాకు సొంతగడ్డపై ఆలివర్ రోలండ్ ఆరవ స్థానాన్ని అందించాడు. ఆ జట్టు కొత్త కారు ఎమ్9 ఎలక్ట్రో. దాని తయారీ, పరీక్షల కాలంలోనే జట్టు నాయకత్వం దిల్‌బాగ్ గిల్ నుంచి ఫ్రెడరిక్ బెర్ట్రాండ్‌కు మారింది. మెక్సికోలో లూకాస్ డి గ్రాసీ ముందువరుసలో మొదటి స్థానం నుంచి బయలుదేరి మూడవవాడిగా ముగించడంతో జట్టుపై ఆశలు పెరిగాయి. హైదరాబాద్ ఫలితం వాటిని నిలిపింది.

సరిగ్గా రెండు వారాలకు, 2023 ఫిబ్రవరి 25న, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మహీంద్రా తన రెండు కార్లనూ పోటీ నుంచి ఉపసంహరించుకుంది. కారణం వెనుక సస్పెన్షన్ భాగం భద్రతపై సందేహం. అదే పవర్‌ట్రెయిన్‌ను వాడే ఏబీటీ క్యుప్రా జట్టు కార్లు రెండూ తప్పుకోవలసి వచ్చింది. 22 కార్లలో నాలుగు, డ్రైవర్ల తప్పు ఏమీ లేకుండా, పందెం మొదలుకాకముందే పోయాయి. కస్టమర్ జట్టు పరిస్థితి ఎంత పరాధీనమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. మెక్సికోలో తొలి ల్యాపులోనే జరిగిన ప్రమాదంలో ఏబీటీ డ్రైవరు రాబిన్ ఫ్రైన్స్ చెయ్యి విరిగింది. అతని బదులు వచ్చిన కెల్విన్ వాన్ డెర్ లిండెకు చివరికి పోటీచేసే కారే లేకపోయింది.

ఈ ఉపసంహరణను పరాజయంగా రాయడం తేలిక. మహీంద్రా నిర్ణయంలో మెచ్చదగినది కూడా ఉంది: అనుమానం కలిగిన వెంటనే, పాయింట్లను వదులుకొని, డ్రైవర్లను గోడల మధ్యకు పంపకుండా ఆపింది. కాని ఆ సందేహం తీరవలసిన చోటు డిసెంబరు నాటి పరీక్షా మైదానం. అది ఫిబ్రవరి నెలాఖరున, నాలుగు పోటీలు అయిపోయాక బయటపడింది.

ముందటి ఉదాహరణ

భారతీయ డ్రైవరు ఒకరికి ఈ అనుభవం ఇంతకన్నా కటువుగా ఎదురైంది. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2011లో స్పెయిన్ జట్టు హిస్పానియా తరఫున ఫార్ములా వన్‌కు తిరిగివచ్చాడు. ఆ జట్టు కొత్త కారు ఎఫ్111ను బార్సిలోనాలో చివరి పరీక్షల వేళ ప్రదర్శించారు గాని నడపలేదు. కావలసిన భాగాలు కస్టమ్స్‌లో చిక్కుకున్నాయి. కారు మొదటిసారి పరుగెత్తింది మెల్‌బోర్న్‌లో, పోటీ వారాంతంలోనే. అగ్రస్థానపు వేళకు 107 శాతం లోపు రాలేక ఇద్దరు డ్రైవర్లూ పోటీకి అర్హత కోల్పోయారు. 2012లో తర్వాతి కారు ఢీకొట్టు పరీక్షలో మొదట విఫలమై, ముందస్తు పరీక్షలకు అందలేదు. మెల్‌బోర్న్‌లో అదే ఫలితం పునరావృతమైంది. ఆ ఏడాది చివర జట్టే మూతపడింది. హిస్పానియా కథ డబ్బులేమికి సంబంధించినది. జెన్3 జట్ల వెనుక మాత్రం పెద్ద కార్ల సంస్థలున్నాయి. ధనమున్నా లేకున్నా పరీక్షకు చాలని కాలాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎవరికీ సాధ్యపడలేదు.

తరువాతి సంవత్సరాలు

జెన్3కు రెండవ సీజన్ ముందు కూడా ఊరట దొరకలేదు. 2023 అక్టోబరు 24న వెలెన్సియా పరీక్షల్లో ఒక బ్యాటరీ నిప్పంటుకొని గ్యారేజీలను ఖాళీ చేయించవలసి వచ్చింది, పరీక్షల కార్యక్రమం మారిపోయింది. 2024లో కారు సవరించిన రూపానికి పరీక్ష అక్కడే జరగవలసి ఉండగా వెలెన్సియా వరదల వల్ల మాడ్రిడ్ దగ్గరి హరామాకు తరలించారు. జెన్3తోపాటే వస్తుందని 2022లో చెప్పిన మధ్యదారి వేగపు ఛార్జింగు తొలిసారి పోటీలో కనిపించింది 2025 ఫిబ్రవరిలో, జెడ్డాలో.

ఆనాటికి హైదరాబాద్ ఆ పోటీల పట్టికలో లేదు. 2024 ఫిబ్రవరికి నిర్ణయమైన రెండవ పోటీ, తెలంగాణలో ప్రభుత్వం మారిన తర్వాత, ఆ జనవరిలోనే రద్దయింది. హుస్సేన్‌సాగర్ బాట మీద జెన్3 కార్లు పోటీపడింది ఆ ఒక్క వారాంతమే.